దేవిడీ కాక తెచ్చిన తెల్ల ప్లగ్గులు

ఇప్పుడు మీరు బండి కొంటే అందుల ప్లగ్గు ఎక్కడుంటదో కూడా చూడరు. ఆగిపోతే ఫోన్ చేస్తరు, ఎవలో వచ్చి చూసుకుంటరు. మా దినాలల్ల గట్ల లేకుండె. ప్లగ్గంటే బొటనవేలంత సామాను. కింద ఇనుము, మీద తెల్ల పింగాణి. ఇంజన్ల పెట్రోలుకు నిప్పు ముట్టిచ్చేది అదే. అది సక్కగ ముట్టియ్యకపోతే ఎంత పెద్ద కారైనా నడిరోడ్డు మీద మొండికేసిన ఎడ్లబండే. గా ప్లగ్గులు కడుక్కుంటనే నేను నా పిల్లలను సాదిన. మోటరు సామాన్ల షాపులల్ల కొత్తగ పనికి కుదిరే పిల్లలకు ఈ ఒక్క ముచ్చట చెప్పాల్నని ఎప్పటిసందో అనుకుంటున్న. నాకు సంతకం దాక్నే వచ్చు. అందుకని మా మనుమరాలు రాస్తున్నది. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, దానికి పూలు కుట్టకు అని చెప్పిన.

మా షాపు అబిడ్స్‌ల ఉండె. పెద్ద పోస్టాఫీసు దాటి నాంపల్లి టేసన్ దిక్కు పోతుంటే ఒక గల్లీల. ముందట సామాన్ల దుకాణం, ఎనక రేకుల కింద మరమ్మతు. దుకాణం సేట్‌ది. వాళ్లది పాత పట్నం ఖాందాన్, తాతల కాలం నుంచి యాపారం. మనిషి భారీ, మీసం దొడ్డు, మనసు మెత్తన. ఎనక రేకుల కింద ఉస్తాద్ రాజ్యం. ఆయనది మెదక్ దిక్కు, చర్చి మనిషి. వారమంత నూనె మరకల ఖాకీల ఉండేటోడు. ఆదివారం మాత్రం తెల్ల ప్యాంటు, తెల్ల అంగి ఏసుకొని భార్యతోని రిక్షాల పోతుంటే మేమే గుర్తుపట్టకపోదుము.

నా పెనిమిటి సేట్ కాడ లారీ నడిపెటోడు. జ్వరమొచ్చి దవాఖానల పానం ఇడిసిండు. దినాలు అయినంక సేట్ మనిషిని పంపి, ఇంట్ల కూసొని ఎన్నొద్దులు ఏడుస్తది, షాపుకు రమ్మను, ఏదో ఒక పని చూద్దామన్నడు. పోయిన. ఏం పని చెప్పాల్నో ఆయనకు తెల్వది, ఏం పని చెయ్యాల్నో నాకు తెల్వది. సామాన్ల పేర్లు చదవ రాదు, బరువులు లేవనెత్త రాదు. ఉస్తాద్ నన్ను జరసేపు చూసి, ఒక డబ్బ నిండ మసి పట్టిన ప్లగ్గులు తెచ్చి నా ముందట పోసిండు.

"బోళ్లు తోముతవు గద చెల్లె. గివి జర చిన్న బోళ్లు, గంతే."

అప్పటి సంది అదే నా పని. కిరసనాయిల్ల నానబెట్టుడు, తీగల బురుసుతోని రుద్దుడు, కొనకాడ రెండు ఇనుప ముక్కుల నడుమ సందు సరిజేసుడు. సందు ఎక్కువైతే నిప్పు దుంకది, తక్కువైతే దుంకినా బలముండది. సన్నటి ఇనుప రేకు సందుల పెట్టి చూసుకోవాలె. చేతులు మోచేతుల దాక నల్లగయ్యేవి. ఎంత కడిగినా గోర్ల సందుల ఆ నలుపు పోకపోవు. మా గల్లీల ఆడోళ్లు నన్ను బొగ్గుల దుకాణందాని లెక్క చూసేటోళ్లు. చూడనీ అనుకున్న.

కడుగుడు నా పని గని, కడగక ముందటిది ఉస్తాద్ పని. ఆయన ఏ ప్లగ్గునైనా మొదలు మసితోనే చూసేటోడు. ఎల్తురు దిక్కు పట్టుకొని, ఒక కన్ను మూసి, తిప్పి తిప్పి, హకీం నాడి చూసినట్టు చూసేటోడు. బిస్కెట్ రంగుల ఉంటే ఇంజన్ ఆరోగ్యం మంచిగున్నట్టు. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతున్నట్టు. నూనె తడి ఉంటే లోపల అరిగి నూనె మీదికొస్తున్నట్టు. తెల్లగ సున్నం లెక్క ఉంటే మస్తు గరమైతున్నట్టు. అది చూసినంక ఏ ప్లగ్గు ఎయ్యాల్నో చెప్పేటోడు. టేసన్ కాడి టాక్సీలోళ్లు ఆయనను హకీం సాబ్ అనేటోళ్లు. ఆయనకు ఆ పేరంటే లోపల మస్తు ఖుషీ, బయటికి మాత్రం కసురుకునేటోడు.

ప్లగ్గులల్ల గరం ప్లగ్గులని, ఠండా ప్లగ్గులని ఉంటయి. గరం ప్లగ్గు ఏడిని తన కాడ ఆపుకుంటది, తన మీద పడ్డ మసిని తానే కాల్చుకుంటది. మెల్లగ తిరిగే బండ్లకు, అరిగిన ఇంజన్లకు అది మంచిది. ఠండా ప్లగ్గు ఏడిని జల్ది బయటికి ఇడుస్తది. జోరుగ, దూరం ఉరికే కార్లకు అది. ఒకదాని జాగల ఒకటి ఏస్తే బండి ఆగమైతది. ఈ ముచ్చటకు ఇంత తెలిస్తే చాలు.

ఇగ సేట్ సంగతి. ఆయనకు విలాయతి ప్లగ్గుల పిచ్చి. అప్పట్ల బయటి దేశం సామాను దొరుకుడు కష్టం. బొంబాయిల ఎవలనో పట్టుకొని నిగనిగలాడే ప్లగ్గులు తెప్పిచ్చి, అద్దాల బీరువల మీది అరల పెట్టిండు. దినాం పొద్దుగాల డబ్బ మూత తీసి, అత్తరు చూసినట్టు ఒక్కసారి వాసన చూసి మల్ల పెట్టేటోడు. వచ్చిన ప్రతి గిరాకీకి అదే మాట చెప్పేటోడు, గివి ఏస్తే నీ కారు ఎగురుతది అని. ఎనక నుంచి ఉస్తాద్ గొంతు ఇనొచ్చేది, "ఎగిరినంక దింపేటోడు ఎవడు సేట్?" అని. ఇద్దరికి దినాం ఇదే లొల్లి. లొల్లి అయినంక ఒకటే చాయ్ తెప్పిచ్చుకొని, ఒకలు కప్పుల, ఒకలు సాసరుల తాగేటోళ్లు.

ఇప్పుడు అసలు మనిషి కాడికి వస్తున్న.

నాంపల్లి టేసన్ టాక్సీ అడ్డ మీద ఒక ముసలాయన ఉండె. అందరు ఆయనను దేవిడీ కాక అనేటోళ్లు. చిన్నప్పటి సంది ఒక నవాబు పెద్ద బంగ్లల, దాన్నే దేవిడీ అంటరు, కారు నడిపిండు. జాగీర్లు పోయినయి, దేవిడీల దీపాలు తగ్గినయి, నౌకర్లను ఒక్కొక్కలనే పంపిచ్చిన్రు. ఈయనను పంపేటప్పుడు చేతుల పెట్టనీకి ఏం లేక, ఆయన నడిపిన పాత ఇంగ్లీషు కారే ఇచ్చిన్రు. నల్ల కారు, ఇత్తడి పిడులు, లోపల తోలు సీట్లు. దాన్నే టాక్సీ చేసిండు. ఇల్లు గడిచేది దాని మీదనే. పిల్లలు లేరు, భార్యకు చెవులు వినరావు. ఆ వయసుల ఇంకొకలు నౌకరి ఇచ్చేది లేదు.

దేవిడీ పోయినా ఆయన అదబ్, ఆ మర్యాద, పోలే. టేసన్ల గోనెసంచి మోసుకొని దిగిన పాలమూరు కూలాయనకు కూడా దిగి తలుపు తీసేటోడు, "తశ్రీఫ్ రఖియే", దయచేసి కూసోండ్రి అనేటోడు. ఆ కూలాయన ఆగమై, ఇది నన్నేనా అని ఎనకకు చూసుకునేటోడు. మిగిలిన టాక్సీలోళ్లు నవ్వేటోళ్లు. ఎందుకంటే కారు ముసలిదాయె, గుంజకపాయె. ఎత్తు వస్తే ఆగుడు, కూసున్నోళ్లు దిగి నూకుడు. కాక బండి ఎక్కేటప్పుడు నవాబు, దిగేటప్పుడు హమాలి అని అడ్డ మీద ఒక మాట ఉండె. కాక ఇన్నా ఏమనకపోవు. తన కారును అంటే ఆయనకు మండుతది గని, మండినట్టు చూపెట్టుడు దేవిడీల నేర్పలే.

ఆయన ప్లగ్గులు తెచ్చే తీరే వేరు. మిగిలిన డ్రైవర్లు సిగరెట్ డబ్బలనో, పాత కాగితంలనో చుట్టి నా ముందట పారేసేటోళ్లు. కాకకు ఒక పెట్టె ఉండె. దేవిడీల వెండి చెంచాలు పెట్టిన పెట్టె. లోపల ఎర్ర మఖ్మల్, ఆరు గుంటలు. నాలుగు గుంటలల్ల నాలుగు ప్లగ్గులు, రెండు ఖాళీ. నా పీట ముందట వంగి, రెండు చేతులతోని పెట్టి, మూత తీసి, "జర చూడు బిడ్డా" అనేటోడు. చూస్తే అందుల ప్లగ్గులు పాలపండ్ల లెక్క తెల్లగుండేవి. నాకు పనే ఉండకపోవు. సందు సరిజేసి ఇచ్చుడే. అందరి ప్లగ్గులు గిట్లుంటే నా చేతులు ఎంత సుఖపడు అనుకునేదాన్ని.

ఉస్తాద్‌కు మాత్రం ఆ తెలుపు ఒక చిక్కు. ఇంజన్ ముసలిదైనా నూనె లేదు, మసి లేదు, మరి ఎందుకు గుంజుతలేదు అని తల గోక్కునేటోడు. మస్తు గరమైతున్నదేమో అని ఒకసారి, పెట్రోలు సరిగ అందుతలేదేమో అని ఒకసారి, పైపులన్ని ఊడదీసి పెట్టేటోడు. కారు నాలుగొద్దులు నడిచేది, మల్ల అదే కథ.

ఒక యేడు కాక కారు ఫిట్‌నెస్ చూపెట్టే వంతు వచ్చింది. ప్రతి టాక్సీ ఏటా ఇన్‌స్పెక్టర్‌కు చూపెట్టాలె. ఆ యేడు కొత్తగ వచ్చిన ఇన్‌స్పెక్టర్ సాబ్ జర గట్టి మనిషి. బ్రేకులు చూసుడొక్కటే కాదు, నిండ మనుషులను కూసోబెట్టుకొని లక్డీకాపూల్ దాటినంక ఉండే ఎత్తు ఎక్కి చూపెట్టమనేటోడు. కాక కారు నడుమల దాక్నే ఎక్కింది. దగ్గింది, ఆగింది, ఎనకకు జారింది. ఎనక వచ్చే రిక్షాలోడు దుంకి తప్పిచ్చుకున్నడు. ఇన్‌స్పెక్టర్ సాబ్ తిట్టలే, కొట్టలే. సోమారం మల్ల రమ్మన్నడు. అప్పుడు గూడ ఎక్కకపోతే పర్మిట్ రద్దు చేస్త, జనాల పానాలతోని నేను ఆడుకోను అన్నడు. అన్నమాట న్యాయమే. అదే కాకకు భయం. అన్యాయం మాటంటే బతిమాలొచ్చు.

కాక నేరుగ మా షాపుకు వచ్చిండు. ఎప్పటి లెక్కనే పెట్టె, ఎప్పటి లెక్కనే తెల్ల ప్లగ్గులు. ఇన్‌స్పెక్టర్ అన్న మాట చెప్పిండు. ఉస్తాద్ ప్లగ్గులు పట్టుకొని చానసేపు చూసిండు. ఎంత చూసినా తెలుపే. ఆఖరికి చెప్పిండు, ఇంజన్ల ఏడి ఎక్కువున్నది, ఠండా ప్లగ్గు కావాలె అని. మన కాడ ఉన్న వాటిల ఠండా ప్లగ్గంటే సేట్ బీరువల ఉన్న విలాయతియే.

సేట్ తన చెవులను తానే నమ్మలే. ఇన్నేండ్ల లొల్లిల ఉస్తాద్ ఆయన ప్లగ్గులను మెచ్చుకున్నది అదే మొదలు. పైస సంగతి మల్ల చూద్దాం అని తన చేతుల మీదనే డబ్బ తీసిచ్చిండు. ఆ దినం ఇద్దరికి రెండు చాయ్‌లు వచ్చినయి. నాకు గూడ ఒకటి వచ్చింది. వాళ్లిద్దరు ఒక్క మాట మీదికి వచ్చింది ఆ ఒక్క దినమే. ఆ ఒక్క దినమే ఇద్దరు గలత్.

తెల్లారి కాక కారు పోస్టాఫీసు ముందట, బస్సులు తిరిగే జాగల, నల్ల పొగ ఇడిసి ఆగింది. సదురు రోడ్డు, ఎత్తు లేదు, పల్లం లేదు. దాంట్ల ఒక పెండ్లి సామాను ఉండె. పెండ్లోళ్లు కాకను నోటికొచ్చినట్టు అని, సామాను రిక్షాలకు ఎక్కిచ్చుకొని పోయిన్రు. టేసన్ హమాలీలు, టాక్సీలోళ్లు కలిసి కారును మా గల్లీ దాక నూక్కుంట తెచ్చిన్రు. ఎప్పుడు నవ్వేటోళ్లు ఆ పొద్దు నవ్వలే.

ఉస్తాద్ మూత ఎత్తి అంత చూసిండు. కొత్త ప్లగ్గు రంగు పట్టాలంటే ఇంకింత నడవాలె అని, కారును మల్ల ముట్టిచ్చి, సాయంత్రం దాక టేసన్ దిక్కు రెండుమూడు సార్లు తిప్పి, తెల్లారి ప్లగ్గులు ఇప్పి తెమ్మని కాకకు చెప్పిండు. తెచ్చిండు. తెల్లగ ఉన్నయి. ఆ విలాయతి ప్లగ్గులు గూడ తెల్లగనే ఉన్నయి.

ఉస్తాద్ వాటిని పీట మీద పెట్టి, కాకకు ఆయన పాత ప్లగ్గులే మల్ల ఇచ్చి పంపిండు. తన పాత టైరు మీద పోయి కూసున్నడు. సేట్ లొల్లి పెట్టుకుందామని పిలిచిండు, రాలే. చాయ్ వచ్చింది, సల్లగై మీద మీగడ కట్టింది. ఒక టాక్సీలోడు ప్లగ్గు చూపెట్టనీకి వస్తే, ఇంకెక్కడన్న చూపెట్టుకో పో అన్నడు. నేను పక్కకు పోయి నిలబడ్డ.

"నల్లగ మసి ఇడిసే కారు తెల్ల ప్లగ్గు ఇస్తున్నదంటే నా కండ్లన్న పోయినయి, తెలివన్న పోయింది చెల్లె" అన్నడు. "నేను చూసి చెప్పిన ప్లగ్గుతోనే ఆయన కారు ఆగింది. ఇగ సోమారం ఆ ముసలాయన మొఖం ఎట్ల చూడాలె?"

ఇంజన్ గురించి నాకేం తెలుసు. ఇంకో చాయ్ తెప్పిచ్చి పెట్టిన. అది గూడ సల్లగైంది.

ఆదివారం షాపు బంద్. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలోళ్లు పుస్తకాలు పరిచే దినం. మా పెద్దపిల్లకు పాత బడి పుస్తకం కొందామని పోయి, టేసన్ మీదికెల్లి ఇంటికి వస్తున్న. ఇంక మంచిగ ఎల్తురున్నది. టాక్సీ అడ్డ కాడ కాక కారు ఆగి ఉన్నది. దాని ఎనక, గోడ దిక్కు తిరిగి, కాక గొంతుక్కూసోని ఏదో చేస్తున్నడు. పలకరిద్దామని దగ్గరికి పోయిన.

నేల మీద తెల్ల రుమాలు పరిచి ఉన్నది. దాని మీద నాలుగు ప్లగ్గులు. బొగ్గు లెక్క నలుపు. రెండిటి మీద నూనె కారుతున్నది. పక్కన ఒక చిన్న డబ్బల తెల్ల పొడి. దేవిడీల వెండి బోళ్లు తోమే పొడి అది. ఒక పాత పండ్ల బురుసు ఆ పొడిల అద్దుకొని, ఒక ప్లగ్గును తోముతున్నడు. అట్లిట్ల తోముడు కాదు. పసిపిల్ల చెవులు తుడిచినట్టు, సందు సందుల తోముతున్నడు.

"కాకా, ఏం చేస్తున్నరు?"

దొంగ లెక్క ఉలిక్కిపడి, రుమాలు కొన ప్లగ్గుల మీదికి గుంజిండు.

"ఏం లేదు బిడ్డా. రేపు పొద్దుగాల మీ కాడికి తేవాలె గద, జర సాఫ్ చేస్తున్న."

"సాఫ్ చేసుడు నా పని గద?"

"నీ పనే. గని గింత గలీజు తెచ్చి నీ చేతుల ఎట్ల పెట్టాలె?" అన్నడు. బురుసు దిక్కే చూసుకుంట చెప్పిండు. "నువ్వు షాపుకు వచ్చిన కొత్తల చూసిన. మోచేతుల దాక మసి. కండ్లు తుడుసుకుంటే ఆ మసి మొఖానికి అయింది. పెనిమిటి పోయిన పిల్ల. లోకం మసి అంత నేను ఆపుతనా, నా బండిదన్న నీ చేతికి అంటొద్దనుకున్న. అంతకన్న నేను చెయ్యగలిగేది ఏముండె?"

నేను తెల్లటి ప్లగ్గులు చూసి సంబురపడ్డ దినాలన్ని యాదికొచ్చినయి. ఒక్కొక్క దినం ఈయన గిట్ల గోడ చాటున కూసోని తోమిండన్నట్టు. ఉస్తాద్ తల గోక్కున్నది, పైపులు ఊడదీసింది, టైరు మీద కూసున్నది, అన్ని యాదికొచ్చినయి. అప్పుడు నోరు లేచింది.

"కాకా, హకీం కాడికి పోయేటప్పుడు జ్వరం ఇంట్ల పెట్టి పోతరా?"

ఆయనకు అర్థం గాలే. నేను పక్కన నేల మీదనే కూసోని చెప్పిన. ఉస్తాద్ మసి చూసే చెప్తడని, మసి లేకపోతే ఆయనకు గుడ్డి దీపమేనని, విలాయతి ప్లగ్గు ఏసింది గందుకేనని. ఇంటుంటే ఇంటుంటే కాక మొఖం ఆ రుమాలు లెక్క తెల్లగయింది. బురుసు కింద పెట్టిండు. తన చేతులను చూసుకున్నడు.

"అయితే నా కారును నేనే ఆపుకున్ననా?" అన్నడు.

మిగిలిన పొడి డబ్బ మూతపెట్టి నా సంచిల ఏసుకున్న. రేపు పొద్దుగాల రైలుకు వచ్చే సవారీని సదురు దారిల తిప్పుండ్రి, ఇంజన్ ఏడి మీదనే షాపుకు తెండ్రి, ప్లగ్గులు ఇప్పినంక రుమాలుతోని గూడ ముట్టొద్దు అని చెప్పిన. ఒట్టేయమన్న. ఏసిండు. ఏసేటప్పుడు మొఖం ఎట్ల పెట్టిండంటే, ఆయనతోని ఏదో పాపం చేపిస్తున్నట్టున్నది.

సోమారం పొద్దుగాల కాక వచ్చిండు. పెట్టె నా పీట మీద పెట్టి, మూత తీసి, మొఖం గోడ దిక్కు తిప్పుకున్నడు. ఎర్ర మఖ్మల్ మీద నల్ల మరకలు పడ్డయి. ఉస్తాద్ అటుగ పోతున్నోడు ఆగిండు.

"గివి ఎవలియి?"

"కాకవే" అన్న.

"కాకవి తెల్లగుంటయి."

చెప్పిన. పొడి డబ్బ సంచిల నుంచి తీసి చూపెట్టిన. ఉస్తాద్ చేతుల ఉన్న పానా కింద పెట్టి, కాక దిక్కు చూసిండు. కొడ్తడా ఏంది అనిపిచ్చింది నాకు.

"ఎప్పటి సంది కాకా?" అన్నడు.

"మొదటి నుంచి" అన్నడు కాక, గోడతోనే.

ఉస్తాద్ పోయి టైరు మీద కూలబడ్డడు. ఆయన భుజాలు ఊగుతుంటే ఏడుస్తున్నడనుకున్న. నవ్వుతున్నడు. కండ్లల్ల నీళ్లు కారంగ నవ్వుతున్నడు. ఆ సప్పుడుకు సేట్ లోపల్నుంచి ఉరికొచ్చిండు. ఏమైంది, ఏమైంది అంటే, "ఏం గాలే సేట్, నా కండ్లు దొరికినయి" అన్నడు.

నవ్వు అయినంక లేసి, మొఖం కడుక్కొని, ప్లగ్గులు ఎల్తురు దిక్కు పట్టిండు. రెండిట్ల పొడి మసి. రెండిట్ల నూనె తడి. అంటే, గదికొక ప్లగ్గుండే ఇంజన్ల రెండు గదులు అరిగి నూనె మీదికొస్తున్నది, ప్లగ్గు మీద పడి నిప్పును ఆర్పుతున్నది. కొత్త ఇంజన్ కట్టియ్యాలంటే ఆ దినం అయ్యే పని కాదు. అప్పటికి పని నడవాలంటే నూనె వచ్చే రెండు గదులకు గరం ప్లగ్గు ఎయ్యాలె, అది నూనెను కాల్చుకుంట నిప్పు ముట్టిస్తది. మిగిలిన రెండిటికి మామూలుది చాలు. విలాయతి ఠండా ప్లగ్గు ఏసుడంటే సలికి వణికేటోని మీద నీళ్లు పోసినట్టే అయిందన్నట్టు.

గని అంత గరం ప్లగ్గు మా కాడ లేదు. ఎవలు అడగరు గనుక సేట్ తెప్పియ్యలే. ఇంకో దుకాణం తెరిచేసరికి ఇన్‌స్పెక్టర్ ముందట నిలబడే టైము. సేట్ మీసం గుంజుకుంట ఆలోచన చేసి, "మా నాయన ఉన్నప్పుడు పాత లారీలకు ఏవో దొడ్డు ప్లగ్గులు పెట్టేటోడు" అన్నడు. అని చెప్పులు ఇడిసి, నిచ్చెన ఎక్కిండు. ఆ నిచ్చెన ఆయనను ఎన్నడు మోయలే. నేను, ఉస్తాద్, కాక ముగ్గురం కలిసి కింద పట్టుకున్నం. అటక మీద ఏవేవో జరిపి, దుమ్ములు లేపి, ఆఖరికి ఒక చిరిగిన అట్టపెట్టెతోని దిగిండు. మీసంల బూజు ఏలాడుతున్నది.

పెట్టె మీద అక్షరాలు పోయినయి. ఉస్తాద్ ప్లగ్గు ముక్కు తిప్పి చూసిండు. గరం ప్లగ్గు లోపలి పింగాణి పొడుగ్గ ఉంటది, ఏడి పోనీకి దూరమెక్కువ. ఠండా దానిది పొట్టి. విలాయతిది పక్కన పెట్టి నాకు, సేట్‌కు ఇద్దరికి చూపెట్టిండు. సేట్ చిన్నపిల్లగాని లెక్క వంగి చూసిండు. చూసి, తన విలాయతి ప్లగ్గులను తుడిచి, డబ్బల పెట్టి, ఒక్కసారి వాసన చూసి, మూతేసిండు. "ఎగిరే కార్లకు ఉంచుదాం" అని తానే అన్నడు. నేను సందులు సరిజేసిన. ఉస్తాద్ బిగిచ్చిండు.

ఇగ ఎత్తు ఎక్కనీకి నిండ మనుషులు గావాలె. అడ్డ మీద చూస్తే ఒక్కలు లేరు, రైలు వచ్చింది, అందరు సవారీల మీద పోయిన్రు. ఉస్తాద్ నేనొస్త అన్నడు. సేట్ షాపు తలుపు గుంజి, "నేనొక్కణ్ణే ఇద్దరి లెక్క, పాండ్రి" అన్నడు. ఇంకొకలు తక్కువ. ఉస్తాద్ నా దిక్కు చూసిండు.

నేను కారుకాడ ఆగిపోయిన. చేతులు మోచేతుల దాక మసి, కడుక్కునే సందు దొరకలే. ఇత్తడి పిడి అద్దం లెక్క మెరుస్తున్నది, దాన్ని ఎట్ల పట్టుకోవాలె. కాక దిగి, చుట్టు తిరిగొచ్చి, తలుపు తీసి వంగిండు.

"నా చేతులు మసి కాకా" అన్న.

"గందుకే తలుపు నేను తీసిన బిడ్డా" అన్నడు.

నా జిందగీల కారెక్కింది అదే మొదలు. తలుపు ఇంకొకలు తీయంగ ఎక్కింది అదే మొదలు, అదే ఆఖరు.

ఇన్‌స్పెక్టర్ సాబ్ ముందట కూసున్నడు. ఎనక సీట్ల సేట్, నడుమ ఉస్తాద్, కొనకు నేను. సేట్ బరువుకు కారు ఒక దిక్కు వంగింది. ఎత్తు మొదలైంది. కాక గేరు తగ్గిచ్చిండు. తొందరపడలే. ఎనక దేవిడీ బేగం సాబ్ కూసున్నట్టు, అదే మర్యాదతోని మెల్లగ పోనిచ్చిండు. ఉస్తాద్ కండ్లు మూసుకొని, మోకాలు మీద ఏలితోని ఇంజన్ తాళం ఏస్తున్నడు. సేట్ ఏదో దేవునికి మొక్కుతున్నడు, మూతి కదుల్తున్నది. పోయినసారి ఆగిన జాగ వచ్చింది. ఇంజన్ ఒక్క దెబ్బ తప్పింది. ఉస్తాద్ ఏలు గాలిల ఆగింది. నేను మసి చేతులతోని ఆయన ఖాకీ అంగి గట్టిగ పట్టుకున్న. మల్ల దెబ్బ పడింది. ఏలు దిగింది. కారు ఒగర్సుకుంట, మూలుక్కుంట, ముసలవ్వ మెట్లెక్కినట్టు ఎక్కింది. మీదికెక్కి నిలబడింది.

ఇన్‌స్పెక్టర్ సాబ్ కాసేపు ఇంజన్ సప్పుడు ఇన్నడు.

"పోయినసారి సచ్చిన బండి ఇది. ఏం మార్చినవ్?"

"కడుగుడు బంద్ చేసిన సాబ్" అన్నడు కాక.

ఆ సాబ్ ఎనకకు తిరిగి చూసిండు. మీసంల బూజుతోని సేట్, నా నల్ల చేతులు, భుజం మీద నా ఏలిముద్రల మసితోని ఉస్తాద్. ఏమనుకున్నడో ఏమో, సంతకం పెట్టిండు.

దిగేటప్పుడు సేట్ ఊపిరి తీసుకొని, చూసినవా, ఎగిరింది అన్నడు. ఎగరలే సేట్, పాకింది, ఈ వయసుల పాకుడే చాలన్నడు ఉస్తాద్. షాపుకాడ దిగినంక లొల్లి మల్ల మొదలైంది. చాయ్ ఒకటే వచ్చింది.

ఇప్పుడు మీ షాపులకు వచ్చి, అన్నిటికన్న మంచి ప్లగ్గు ఏది అని అడిగేటోళ్లు మస్తు మంది ఉంటరు. అన్నిటికన్న మంచిది అంటు ఒకటి లేదు పిల్లలూ. ఏ ఇంజన్‌కు ఏది పడుతదో అదే మంచిది. అది తెల్వాలంటే పాతది మసితోనే చూడాలె. పెద్ద మర్యాదస్తులు తెచ్చిన బండిని జర ఎక్కువ శ్రద్ధగ చూడుండ్రి. వాళ్లు ఏదో ఒకటి తుడిచి తెస్తరు.

కాక ఆ తర్వాత గూడ చాన ఏండ్లు ఆ కారు నడిపిండు. ఇంజన్ మెల్లగ మంచిగ చేపిచ్చుకున్నడు. ఎత్తు ఎక్కినంక మొదటిసారి ప్లగ్గులు తెచ్చిన దినం నాకు ఇంక కండ్ల ముందట ఉన్నది. ఎప్పటి లెక్కనే వంగి, పెట్టె రెండు చేతులతోని పెట్టి, మూత తీసిండు. నాలుగు గుంటలల్ల నాలుగు ప్లగ్గులు, బొగ్గు లెక్క నలుపు. అయిదో గుంటల ఒక గంధం సబ్బు ముక్క. ఆరో గుంటల ఉతికి మడతేసిన చిన్న తువాల.

"మసి ఉస్తాద్‌కు, సబ్బు నీకు" అన్నడు.

ఆ ముక్క అరగక ముందే ఇంకో ముక్క వచ్చేది. ఆ కారు నడిచినన్ని దినాలు నేను సబ్బు కొనుక్కోలే.